విమానం ఎగరేస్తావా, అబ్బాయీ?

సంక్రాంతి వచ్చిందంటే చిక్కడపల్లి డాబాలన్నీ పిల్లలతో నిండిపోతాయి. గాలిపటాల పుట్టినిల్లు ఏదైనా, మెట్టినిల్లు మాత్రం మా డాబాలే. వాటికి తోడు ఈమధ్య మరో ముచ్చట బయలుదేరింది. అది రేడియోతో నడిచే బొమ్మ విమానం. వెనుక పుట్టినరోజుకు సైకిలు అడిగిన పిల్లవాడు ఇప్పుడు విమానం అడుగుతున్నాడు. కాదనలేక తండ్రి కొనిపెడుతున్నాడు. పెట్టె విప్పిన క్షణం నుంచీ ఆ ఇంట్లో ఒకటే పాట: "డాబా మీద ఎగరేద్దామా?"

వద్దు. నేను చెప్పదలచుకున్న మొదటి మాట అదే. ఎందుకు వద్దో, మరి ఎక్కడ ఎట్లా ఎగరవేయాలో చెప్పడానికే తక్కిన మాటలన్నీ.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి విమానాల గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. మా మేనల్లుడి పుణ్యమా అని, అశోక్ నగర్‌లో మా వీధి చివరనున్న ఒక రిటైర్డు ఇంజనీరుగారి దగ్గర మామా అల్లుళ్ళం ఇద్దరమూ మూడు నెలలు శిష్యరికం చేశాము. ఆయన ఎగరవేయడం నేర్పిన రోజులు తక్కువ. ఎగరవేయక ముందు చేయవలసినవి నేర్పిన రోజులే ఎక్కువ. మొదట విసుగనిపించింది. తరువాత ఆలోచిస్తే, విమానమనే మాటలోనే ఆ సంగతి వున్నదని తోచింది. 'మా' అనే సంస్కృత ధాతువుకు కొలవడమని అర్థం. గర్భాలయం మీది శిఖరాన్ని కూడా మనం విమానమనే అంటాము. కొలత తప్పితే ఆ విమానం నిలవదు, ఈ విమానం ఎగరదు.

బొమ్మే గాని, ఆట వస్తువు కాదు

ఒక చిన్న లెక్క చూడండి. కిలో బరువున్న బొమ్మ విమానం గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఒక మనిషిని తాకిందనుకోండి. ఆ దెబ్బ సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి, కిలో బరువు జారవిడిచినంత. విమానం ఒళ్ళు మెత్తని నురుగుతో చేసినదే కావచ్చు. కాని దాని ముక్కున నిమిషానికి వేలసార్లు తిరిగే ప్రొపెల్లరు వుంటుంది. అది వేళ్ళనూ కళ్ళనూ ఎరగదు.

ఇప్పుడు మన పేటను ఒకసారి తలచుకోండి. నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, అశోక్ నగర్ సందుల్లో, పోటీ పరీక్షలకు చదివే కుర్రకారు పొద్దుటి నుంచి రాత్రిదాకా తిరుగుతూనే వుంటారు. 2020 ఫిబ్రవరి నుంచి చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా మెట్రో రైలు నడుస్తున్నది. ఆ పట్టాల మీద సాగే తీగలో 25,000 వోల్టుల కరెంటు వుంటుంది. 2023లో ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా ఉక్కు వంతెన వచ్చింది. దాని మీద స్కూటరు తోలుకుంటూ పోయేవాడి ముఖం ముందు ఒక విమానం వాలితే ఏమవుతుంది? గాలిపటానికి దారముంటుంది, తెగితే మెల్లగా వాలుతుంది. విమానానికి దారం లేదు. అదుపు తప్పితే పరుగుతోనే పడుతుంది.

పోనీ, ఇందిరా పార్కు దగ్గరి మైదానంలో తెల్లవారుజామున ఎగరేద్దామా అని మా వాడు అడిగాడు. అక్కడా వాకింగుకు వచ్చే పెద్దలుంటారు. చుట్టూ ఇళ్ళు, స్తంభాలు. అన్నిటికీ మించి పైన మరో అడ్డు వున్నది.

ఆకాశానికీ హద్దులున్నాయి

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాయి గదా, ఇక బేగంపేటలో ఏమున్నదిలే అనుకుంటాము. ప్రముఖుల విమానాలు, ప్రత్యేక విమానాలు, శిక్షణ విమానాలు అక్కడ ఇంకా దిగుతూనే వున్నాయి. చిక్కడపల్లి నుంచి బేగంపేటకు పటం మీద గీత గీసి కొలిస్తే ఐదారు కిలోమీటర్లకు మించదు.

2021 ఆగస్టులో మన దేశంలో డ్రోను నియమాలు వచ్చాయి. పేరు డ్రోనుదే అయినా, 25 కిలోలకు లోబడి, వినోదానికో చదువుకో కంటికి కనిపించే దూరంలో ఎగరవేసే మోడలు విమానాలను కూడా అవి లెక్కలోకి తీసుకున్నాయి. వాటి ప్రకారం ఆకాశం మూడు రంగులు. ఎరుపు చోట కేంద్రప్రభుత్వం అనుమతి లేనిదే ఎగరవేయరాదు. పసుపు చోట విమానాశ్రయపు ట్రాఫిక్ కంట్రోలు వారి అనుమతి కావాలి. ఆకుపచ్చ చోట 400 అడుగుల ఎత్తుదాకా అనుమతి అక్కరలేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 మొదలు 12 కిలోమీటర్ల దూరం వరకు ఆ ఎత్తు 200 అడుగులే. 8 కిలోమీటర్ల లోపల ఆకుపచ్చ లేనే లేదు. అంటే మన మూడు పేటలకూ ఆ భాగ్యం లేదన్నమాట.

కాబట్టి నగరం బయట, ఇళ్ళూ తీగలూ రోడ్లూ లేని బయలు చూసుకోవాలి. పొలం గలవారిని అడిగి మరీ దిగాలి. హకీంపేట, దుండిగల్ వైపు వైమానికదళం వారి స్థావరాలున్నాయి, అటు పోరాదు. ప్రభుత్వం వారి పటంలో ఆ చోటు రంగు ఏమిటో, రిజిస్ట్రేషను సంగతి ఏమిటో వెళ్ళేముందే చూసుకోవాలి. పెద్ద పండుగలకూ సభలకూ పోలీసువారు తాత్కాలిక నిషేధాలు కూడా పెడుతుంటారు.

ఇంట్లో చేయవలసిన పని

1937లో అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు తాము కట్టిన మోడలు విమానాన్ని రేడియోతో ఎగరవేశారు. ప్రతి పుల్లా వారి చేతిమీదుగా పోయినదే; ఏ అతుకు ఎంత గట్టిదో వారికి తెలుసు. మన పిల్లలకు విమానం పెట్టెలో సిద్ధంగా వస్తుంది. కట్టినవాడికి సహజంగా తెలిసేది, కొన్నవాడు పనిగట్టుకుని చూసి తెలుసుకోవాలి.

మొదటి విమానానికి రెక్కలు ఒంటి పైభాగాన వుండి, చివరలు కొంచెం పైకి లేచి వుండాలి. అటువంటిది ఒరిగినా తనంతట తాను సర్దుకుంటుంది. యుద్ధవిమానంలా కనిపించే బొమ్మను చూసి మురిసిపోకండి. దాన్ని నడపడం ఆరితేరినవారి పని.

తరువాత తూకం. బాటరీతో సహా అన్నీ అమర్చి, రెక్కల కింద రెండు చూపుడువేళ్ళు ఆనించి విమానాన్ని లేపాలి. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయితే, వేళ్ళు ముందు అంచు నుంచి 5, 6 సెంటీమీటర్ల దగ్గర వుండాలి. తయారుచేసినవారు కాగితంలో ఇచ్చిన కొలత వుంటే అదే ప్రమాణం. విమానం సమంగా నిలవాలి, లేదా ముక్కు ఒక్క పిసరు వాలాలి. తోక వాలిందా, బాటరీని ముందుకు జరపాలి. తోక బరువైన విమానం ముక్కెత్తి, వేగం పోగొట్టుకుని, పడిపోతుంది.

ఇక ప్రొపెల్లరు విప్పేసి, విమానం వెనుక నిలబడి దిక్కులు చూడాలి. ట్రాన్స్‌మిటరు మీది కర్రను మనవైపు లాగితే తోక మీది అడ్డరెక్క వెనుక అంచు పైకి లేవాలి. కర్ర కుడికి నెడితే చుక్కాని వెనుక అంచు కుడికి తిరగాలి. రెక్కల చివర కదిలే పలకలుంటే కుడిది పైకి, ఎడమది కిందికి పోవాలి. తిరగబడి వున్నదాన్ని అట్లాగే ఎగరేస్తే, కాపాడబోయిన చెయ్యే కూల్చేస్తుంది. అప్పుడే ట్రాన్స్‌మిటరు ఆపి కూడా చూడాలి. రేడియో అందకపోతే మోటారు దానంతట అదే ఆగిపోవాలి.

ఇంట్లో ఆడవాళ్ళు ముఖ్యంగా గమనించవలసింది బాటరీ. లిథియం పాలిమర్ బాటరీ మొండిది కాదు, కోపిష్టిది. ఒక్కో సెల్లుకు 4.2 వోల్టులు మించి చార్జి కారాదు. దానికి తగిన చార్జరుతోనే, మనిషి దగ్గరుండగానే, షాబాదు బండల మీద పెట్టి చార్జి చేయాలి. పరుపు మీద, బట్టల బీరువా పక్కన కూడదు. దగ్గర ఒక బకెట్టు పొడి ఇసుక వుంచుకోవాలి. వారాల తరబడి వాడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర దాచాలి. అప్పడంలా ఉబ్బిన బాటరీని పొడవకూడదు, మామూలు చెత్తలో వేయకూడదు. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునేవారికి అప్పగించాలి.

బయలులో

ముందు ట్రాన్స్‌మిటరు వేయాలి, తరువాత విమానంలో బాటరీ తగిలించాలి. దిగాక మొదట విమానం బాటరీ తీసి, చివరకు ట్రాన్స్‌మిటరు ఆపాలి. బాటరీ తగిలిన మరుక్షణం నుంచీ ప్రొపెల్లరు తిరుగుతున్నదనే అనుకోవాలి. దాని ఎదుటగాని పక్కనగాని ఎవరూ నిలబడకూడదు. ట్రాన్స్‌మిటరులో శక్తి తగ్గించి పరీక్షించే ఏర్పాటు వుంటుంది. అది నొక్కి, కాగితంలో చెప్పిన దూరం నడిచి, అన్నీ కదులుతున్నాయో లేదో చూడాలి.

కర్రకు రిబ్బను కడితే గాలి ఎటునుంచి వస్తున్నదో చెబుతుంది. గాలికి ఎదురుగానే వదలాలి, ఎదురుగానే దించాలి. వదిలేటప్పుడు ముక్కు ఆకాశంలోకి ఎత్తి విసరకూడదు, సమంగా తోయాలి. విమానం మనవైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఈ తికమక పోవాలంటే ముందు కంప్యూటరులో అభ్యాసం చేయాలి, మొదటి రోజుల్లో పక్కన తెలిసినవారుండాలి. కాలేజీ పిల్లలైతే ఎన్.సి.సి. వైమానిక విభాగంలో మోడలు విమానాల శిక్షణ వున్నది, వాకబు చేయండి.

మేము మొదటిసారి బయలుకు వెళ్ళిననాడు అన్నీ సరిగ్గానే వున్నాయి. ఇంతలో రిబ్బను బిగుసుకుని నిలిచింది. మా వాడు బతిమాలాడు.

"తాతగారూ, ఒక్కటే ఒక్క చుట్టు!"

"గాలి నీ మాట వింటుందా, బాబూ?"

"మామయ్యా, నువ్వైనా చెప్పు!"

నేను చెప్పలేదు. తెల్లవారకముందే లేచి, గంటన్నర ప్రయాణం చేసి వచ్చిన పిల్లవాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంజనీరుగారు నొచ్చుకోలేదు, కోప్పడలేదు. బాటరీ తీసి వాడి చేతికిచ్చి, "బేగంపేటలో శిక్షణ పొందేవాళ్ళు కూడా బయలుదేరేముందు విమానం చుట్టూ తిరిగి చూసుకుంటారు. వాతావరణం బాగుండకపోతే మానేస్తారు. ఇవాళ నువ్వు సగం నేర్చుకున్నావు," అన్నారు.

రెండు వారాల తరువాత వాడు నాలుగు నిమిషాలు ఎగరవేసి, గడ్డిలో దించాడు. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా వాడే ముందుగా రిబ్బను కడతాడు; పెద్దవాళ్ళం తొందరపడితే వాడే ఆపుతాడు. విమానం కొనిచ్చే తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. పెట్టెతోపాటు మీ ఆదివారాలు కొన్ని కూడా పిల్లవాడికి ఇవ్వండి. గాలి బాగాలేదని వాడు తనంతట తాను చెప్పిననాడు నిశ్చింతగా ట్రాన్స్‌మిటరు వాడి చేతికివ్వవచ్చు.