ఎగ్జిట్ కోడ్: ఇక్కడ సున్నా వస్తేనే పాస్.. ప్రోగ్రామ్‌లు ఇచ్చే ఈ నంబర్‌తో జాగ్రత్త!

పరీక్షలో సున్నా వస్తే ఫెయిల్. కంప్యూటర్‌లో మాత్రం సీన్ రివర్స్. ప్రతి ప్రోగ్రామ్ పని ముగించి వెళ్లేటప్పుడు సిస్టమ్‌కు ఒక నంబర్ ఇచ్చి వెళ్తుంది. అదే ఎగ్జిట్ కోడ్. 0 అంటే పని పూర్తయినట్టు, వేరే నంబర్ వస్తే ఏదో తేడా కొట్టినట్టు. ఈ నంబర్‌ను సరిగ్గా చూడకపోతే ఫెయిలైన బ్యాకప్ కూడా సక్సెస్ లిస్టులో చేరిపోతుంది.

సున్నానే ఎందుకు?

సక్సెస్ ఒక్కటే, ఫెయిల్ కావడానికి మాత్రం కారణాలు బోలెడు. ఫైల్ దొరక్కపోవచ్చు, పర్మిషన్ లేకపోవచ్చు, డిస్క్ నిండిపోవచ్చు. 0 ఒక్కటి సక్సెస్‌కు ఉంచితే మిగతా నంబర్లన్నీ తప్పులకు వాడుకోవచ్చు.

లినక్స్‌లో ఏ నంబర్ ఏం చెబుతుంది?

లినక్స్ షెల్‌లో ఈ కోడ్ 0 నుంచి 255 వరకే.

* 126: కమాండ్ దొరికింది కానీ రన్ కాలేదు
* 127: ఆ పేరుతో కమాండే లేదు
* 130: యూజర్ కంట్రోల్-సీ నొక్కి ఆపేశారు
* 137: ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపేశారు. మెమరీ చాలనప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే

విండోస్‌లో వేరే లెక్క

విండోస్‌లోనూ 0 అంటే సక్సెసే. కానీ ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ రూటే వేరు. దాంట్లో 1 వస్తే ఫైళ్లు చక్కగా కాపీ అయినట్టు! 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తేనే ఫెయిల్. ఇది తెలియకపోతే బాగా నడిచిన పనికీ ఎర్రర్ అలర్ట్ వస్తుంది.

అసలు ప్రమాదం ఇక్కడే

డేటాబేస్‌ను కాపీ చేసే కమాండ్‌ను, దాన్ని కుదించే కమాండ్‌ను పైప్‌తో కలిపి రాయడం మామూలే. బాష్ షెల్ మాత్రం చివరి కమాండ్ కోడ్‌నే లెక్కలోకి తీసుకుంటుంది. మొదటిది మధ్యలో ఆగిపోయినా, రెండోది వచ్చినంత డేటాను కుదించేసి 0 ఇస్తుంది. రిపోర్టులో సక్సెస్, ఫైల్‌లో సగం డేటా!

ఏం చేయాలి?

స్క్రిప్ట్ మొదట్లో ‘సెట్ -ఓ పైప్‌ఫెయిల్’ పెడితే, పైప్‌లో ఏ కమాండ్ ఫెయిలైనా ఆ విషయం బయటపడుతుంది. కోడ్ చూడాలంటే లినక్స్‌లో ‘ఎకో $?’, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎకో %ఎర్రర్‌లెవెల్%’ కొట్టాలి. అదీ వెంటనే కొట్టాలి. మధ్యలో ఇంకో కమాండ్ నడిస్తే పాత నంబర్ పోతుంది. ఇక బ్యాకప్ విషయంలో 0 వచ్చినా, అప్పుడప్పుడూ ఆ ఫైల్‌ను రీస్టోర్ చేసి చూసుకోవడమే సేఫ్.