రావిర్యాల బండల మీద ఎండకాలం

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద 13వ ఎగ్జిట్ దగ్గర దిగితే రావిర్యాల. రంగారెడ్డి జిల్లా మహేశ్వరం మండలంలోని ఊరు. ఒక పక్క తుక్కుగూడ, శ్రీశైలం రహదారి; ఇంకో పక్క ఆదిబట్ల; పడమర దిక్కున శంషాబాద్ విమానాశ్రయం. విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దానితో పాటు రింగు రోడ్డు, హార్డ్‌వేర్ పార్కు, ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు, ఒకదాని వెనక ఒకటి వచ్చి చేరాయి. చెలకలు ప్లాట్లయ్యాయి. చెరువు మాత్రం ఉంది. రాళ్ళ గుట్టలు కొన్ని మిగిలాయి.

ఏప్రిల్, మే ఆదివారాల్లో ఈ ఎగ్జిట్ దగ్గర దిగే కార్లు చాలావరకు వండర్‌లా వైపే తిరుగుతాయి. కొచ్చి, బెంగళూరుల తర్వాత ఆ సంస్థ 2016 ఏప్రిల్‌లో ఇక్కడ వినోద పార్కు తెరిచింది. బడి సెలవులు, మండే ఎండ, చల్లని నీళ్ళు. ఇంతకన్నా పిల్లలకేం కావాలి? రికాయిల్ అనే రోలర్ కోస్టర్ ముందుకు ఎంత దూరం తిప్పుతుందో అదే పట్టాల మీద అంత దూరం వెనక్కీ తిప్పి తెస్తుంది. అరుపులు బయటికి వినిపిస్తాయి. ఎత్తుకు ఎక్కాలన్న సరదా మనుషులందరిలోనూ ఉంటుంది. ఆ సరదాకు ఈ ఊళ్ళో ఇంకో దారి కూడా ఉంది. అది టికెట్టు లేని దారి. ఊరి చుట్టుపక్కల, మహేశ్వరం దాకా, అక్కడక్కడా పైకి లేచిన బండలే ఆ దారి.

మనకు మంచు కొండలు లేవు. హైదరాబాద్ చుట్టుపక్కల మనకున్న పర్వతమంతా ఈ గ్రానైటే. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందటి రాయి ఇది. భూమి లోపల ఉండగానే పగుళ్ళ వెంట నీరు దిగి, మూలలు అరిగి, రాయి గుండ్రబడింది. పైనున్న మట్టి వానలకు కొట్టుకుపోయాక ఆ గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బయటపడ్డాయి. వీటిని ఎవరూ పేర్చలేదంటే చిన్నపిల్లలు నమ్మరు.

దగ్గరగా చూడండి. బండ నున్నగా ఉందనుకుని చెయ్యి వేస్తే అరచేతికి గరుకు తగులుతుంది. గులాబీ రంగు స్ఫటికాలు, మధ్యలో గాజులాంటి క్వార్ట్‌జ్, నల్లటి అభ్రకం చుక్కలు. మెత్తటి భాగం అరిగి స్ఫటికం కొంచెం పైకి పొడుచుకొచ్చిన చోట వేలి మొన నిలుస్తుంది, బూటు అంచు నిలుస్తుంది. వాలు బండ మీద పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మడమ దించి, అరికాలి ముందు భాగం మీద బరువంతా వేసి, ఒళ్ళు బండకు దూరంగా ఉంచి అడుగు మార్చాలి. భయపడి బండను కావలించుకుంటే కాలు జారుతుంది. కొత్తవాళ్ళందరూ ముందు చేసేది అదే. ఉల్లిపొరలా లేచిన రాతి పలకలు కొన్ని చోట్ల ఉంటాయి. వాటిని పిడికిలితో కొట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే ఆ పలకను నమ్మకూడదు.

ఎండకాలంలో ఈ ఆటకు గడియారమే గురువు. మే నెలలో ఇక్కడ ఐదూ ముప్పావుకల్లా పొద్దు పొడుస్తుంది. మధ్యాహ్నానికి నలభై డిగ్రీలు దాటడం మామూలే. బండ పగలంతా వేడి తాగి, పొద్దుగూకాక కూడా చాలాసేపు దాన్ని వదలదు. అందుకే సాయంత్రం కన్నా తెల్లవారుజామే మేలు. రాయి అప్పటికి చల్లబడి ఉంటుంది, వేళ్ళకు చెమట పట్టదు, పట్టు జారదు. చెమట పీల్చడానికి ఎక్కేవాళ్ళు నడుముకు కట్టుకునే సంచిలో తెల్లని పొడి ఉంటుంది. అది మెగ్నీషియం కార్బొనేట్. ఎనిమిదిన్నరకల్లా దిగిపోవాలి. ఆ తర్వాత బండ తొండలదే రాజ్యం. జత కట్టే కాలంలో మగ తొండ వీపు ఎర్రబడుతుంది, పక్కలు నల్లగా మెరుస్తాయి. మనం కదలకుండా కూర్చుంటే అది తల ఆడిస్తూ దగ్గర్లోనే తిరుగుతుంది. తేనెతుట్టె కనిపించిన గుండు జోలికి మాత్రం వెళ్ళకండి. పొగ, సెంటు వాసన, గట్టి చప్పుడు, ఏది తగిలినా ఈగలు లేస్తాయి.

రావిర్యాలలో బండలెక్కడం నేర్పే బడి ఏమీ లేదు. బడి కావాలంటే భువనగిరికి పోవాలి. రింగు రోడ్డు మీద ఘట్‌కేసర్ దాకా వెళ్ళి, అక్కడ వరంగల్ దారి పడితే ఉదయం ట్రాఫిక్ మొదలుకాక ముందే చేరుకోవచ్చు. అయిదు వందల అడుగులకు పైగా లేచిన ఒకే ఒక బండ, దాని మీద చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి కాలపు కోట. మెట్ల దారిన ఎక్కేవాళ్ళు కోట చూస్తారు. ఇంకో పక్క, తాళ్ళు కట్టిన చోట, పిల్లలు బండ చూస్తారు.

2013లో సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వచ్చిన పిల్లలకు ఈ బండ మీదే తొలి పాఠాలు నేర్పారు. వాళ్ళలో నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్ల నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఉన్నారు. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఆ పని తలపెట్టారు. 2007లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్ బాబు బచినేపల్లి శిక్షణ ఇచ్చారు. భువనగిరి తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం చేరుకున్నారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ళ 11 నెలలు. 2022లో ఆమె ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ పూర్తి చేసింది. తండాలో పుట్టిన పిల్ల కాలు మొదట నమ్మింది మన గ్రానైటునే. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు గర్వంగానే ఉంది.

ఏటా మే నెలలో ఇక్కడి కుర్రాళ్ళు, ఈ మధ్య నడివయసు దంపతులు కూడా, కసోల్ వైపు సార్ పాస్ లాంటి హిమాలయ ట్రెక్కులకు రైలెక్కుతున్నారు. వాళ్ళకు నేను చెప్పే సలహా ఒకటే. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద కన్నా, వీపు మీద ఎనిమిది కిలోల సంచితో భువనగిరి మెట్లు ఎక్కి దిగండి. దిగేటప్పుడే మోకాళ్ళ సంగతి తెలుస్తుంది. చెట్ల నీడ కావాలనుకునేవాళ్ళకు వికారాబాద్ దగ్గరి అనంతగిరి ఉంది, మూసీ పుట్టిన చోటు. పక్కనే కోటిపల్లి ప్రాజెక్టులో కయాకింగ్ చేయవచ్చు.

మళ్ళీ రావిర్యాల సంగతికి వస్తాను, ఎందుకంటే భయం ఉన్నది ఇక్కడే. భువనగిరి బండకు కోట కాపలా ఉంది. ఊరి పక్క గుట్టకు ఏ కాపలా ఉంది? హైదరాబాద్‌లో బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రాళ్ళు ఎలా పోయాయో ఒక తరం కళ్ళారా చూసింది. అది చూసి ఆగలేకే 1996లో కొందరు సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టుకున్నారు. చరిత్రకారుడు నరేంద్ర లూథర్ అందులో ముందుండి నడిచారు. వాళ్ళ పట్టుదల వల్ల తొమ్మిది శిలా సముదాయాలు అప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా వారసత్వ నిబంధనల్లోకి ఎక్కాయి. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయి వాటిలోవే. ఊరి చివరి గుట్టలకు ఆ అదృష్టం పట్టలేదు.

గుట్ట పోతే పోయేది ఆట ఒక్కటే కాదు. మహేశ్వరం ప్రాంతంలో గ్రానైటు నేలలో నీరు ఎలా నిలుస్తుందో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ళ తరబడి పరిశీలించారు. మట్టిగా మారిన పై పొర, దాని కింద పగుళ్ళు బారిన రాయి, ఈ రెండే మన బోరుబావులకు ఆధారం. వాన పడితే నున్నటి బండ మీద నీరు ఇంకదు, జారి అడుగున ఉన్న కుంటకు చేరుతుంది. గుట్టను పేల్చి చదును చేసిన చోట ఆ నీరు దారి తెలియక కాలనీ రోడ్ల మీద పడుతుంది.

లేఅవుట్‌లో పార్కుకు స్థలం వదలాలన్న నిబంధన ఎలాగూ ఉంది. ఆ స్థలాన్ని ఏదో ఒక మూల కాకుండా గుట్ట ఉన్న చోటే వదిలితే అమ్మేవాడికి రాళ్ళు పగలగొట్టే ఖర్చు తప్పుతుంది, కొనేవాడి పిల్లలకు ఆడుకునే కొండ మిగులుతుంది. రావిర్యాల, తుక్కుగూడ వైపు ప్లాటు చూడటానికి వెళ్ళేవాళ్ళు నక్షా చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడి గుట్టను ఏం చేయబోతున్నారు?