పేరొక్కటి చాలంది... టీనా టర్నర్!

రాక్ సంగీతం అనగానే, “అబ్బే, గిటార్లూ డ్రమ్ములూ... ఆ గోల మనకెందుకు? పిల్లలు వింటారు లెండి” అంటారేమో! పాట సంగతి అలా ఉంచండి. పాడిన మనిషి సంగతి వింటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి కూర్చుంటారు.

మనలో చాలామందికి పెళ్ళితో ఇంటిపేరు మారింది. కొందరికి అత్తవారింట్లో అసలు పేరే మార్చేశారు. ‘రాక్ రాణి’గా ప్రపంచమంతా మెచ్చుకున్న టీనా టర్నర్‌ది కూడా అలా ఒక మగవాడు పెట్టిన పేరే. విడాకుల రోజున మాత్రం ఆస్తులన్నీ వదిలేసి, ఆ పేరు నాకు కావాలని పట్టుబట్టింది. ఎందుకో తెలియాలంటే ఆమె కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

పత్తి చేల మధ్య...

అసలు పేరు అన్నా మే బుల్లక్. 1939 నవంబరు 26న అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఓ నల్లజాతి కుటుంబంలో పుట్టింది. పెరిగింది నట్‌బుష్ అనే చిన్న పల్లెలో. చుట్టూ పత్తి చేలు. చిన్నతనంలో తనూ పత్తి ఏరింది. ఆదివారం వస్తే చర్చిలో పాడేవాళ్ళతో గొంతు కలిపేది.

అమ్మానాన్నలకు పడేది కాదు. ఆమెకు పదకొండేళ్ళప్పుడు తల్లి ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. తర్వాత తండ్రీ వెళ్ళిపోయాడు. అమ్మమ్మే పెంచింది. ఆ అమ్మమ్మ కూడా పోయాక, పదహారేళ్ళ వయసులో సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న తల్లి దగ్గరకు చేరింది.

1957లో అక్కతో కలిసి ఒక క్లబ్బుకు వెళ్ళింది. అక్కడ ఐక్ టర్నర్ అనే అతని బ్యాండు వాయిస్తోంది. పాటకీ పాటకీ మధ్య మైకు ఈ పిల్ల చేతికొచ్చింది. పాడేసరికి ఐక్ అదిరిపోయాడు! అలా అతని బృందంలో చేరింది. ఆసుపత్రిలో నర్సులకు సాయంగా కూడా పనిచేసింది.

1960లో రికార్డింగుకు రావలసిన గాయకుడు రాకపోతే, ఆ పాట ఆమె పాడింది. అది పెద్ద హిట్టయింది. ఐక్ వెంటనే ఆమెకు ‘టీనా టర్నర్’ అని పేరు పెట్టేశాడు. అంతేకాదు, ఆ పేరును తన పేరిట రిజిస్టరు కూడా చేయించుకున్నాడు. రేపు ఈమె వెళ్ళిపోతే ఇంకో అమ్మాయిని తెచ్చి అదే పేరుతో పాడించవచ్చని! చూశారా తెలివి?

వేదిక మీద వెలుగు, ఇంట్లో చీకటి

1962లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. తన ఇద్దరు కొడుకులతోపాటు ఐక్ ఇద్దరు కొడుకుల్నీ టీనాయే పెంచింది. 1971లో వచ్చిన ‘ప్రౌడ్ మేరీ’ పాట ఊరూరా మారుమోగింది. దానికి గ్రామీ బహుమతి కూడా వచ్చింది. కానీ ఖాతాలూ, కాంట్రాక్టులూ అన్నీ ఐక్ చేతిలోనే. పైగా చేతికి దొరికిన దానితో కొట్టేవాడనీ, ఆ దెబ్బలతోనే వేదిక ఎక్కవలసి వచ్చేదనీ టీనా తర్వాత చెప్పుకుంది. 1968లో ఒకసారి బతుకు మీద విరక్తితో ప్రాణం తీసుకోబోయింది. అదృష్టంకొద్దీ దక్కింది.

మరి అన్నేళ్ళు ఎందుకు భరించింది అంటారా? నలుగురు పిల్లలు, చేతిలో సొంత డబ్బు లేదు, పోతే ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు మనకెవరికీ విడమరచి చెప్పక్కర్లేదు కదూ!

1970ల్లో బౌద్ధ మంత్రజపం మొదలుపెట్టింది. ఆ జపమే తనకు ధైర్యమిచ్చిందని చివరిదాకా చెప్పేది.

36 సెంట్లతో బయటికి

1976 జులై. కచేరీకని డల్లాస్ నగరానికి వెళ్ళారు. దారిలో కారులోనే గొడవ. ముఖమంతా రక్తం. హోటల్ గదిలో ఐక్ నిద్రపోగానే టీనా బయటికి నడిచింది. చేతిలో ఉన్నది 36 సెంట్లు (ఒక డాలరుకు వంద సెంట్లు), ఒక పెట్రోలు కార్డు. వాహనాలు దూసుకుపోతున్న పెద్ద రోడ్డు దాటి ఎదుటి హోటల్లో ఆశ్రయం అడిగింది. ఆ మేనేజరు గది ఇచ్చాడు.

అక్కడితో కష్టాలు తీరలేదు. రద్దయిన కచేరీల అప్పులన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. స్నేహితుల ఇళ్ళలో తలదాచుకుంటూ, ఊరికే కూర్చుని తినడం ఇష్టంలేక ఆ ఇళ్ళు ఊడ్చి, తుడిచింది. పేదలకు ప్రభుత్వమిచ్చే ఆహార కూపన్లతో పిల్లలకు తిండి పెట్టింది.

1978లో విడాకులు వచ్చాయి. రెండు కార్లు, తాను రాసిన పాటల మీద రాయల్టీ తప్ప మిగతావన్నీ ఐక్‌కే వదిలేసింది. వదలనిది పేరొక్కటే. ఎందుకంటే ఆ పేరు పెట్టింది అతనైనా, దానికి విలువ తెచ్చింది ఆమె గొంతు, ఆమె చెమట. అన్నా మే బుల్లక్ అంటే ఎవరూ కచేరీకి పిలవరు. టీనా టర్నర్ అంటే పిలుస్తారు. అదే ఆమె పెట్టుబడి!

44 ఏళ్ళకు మొదటి మెట్టు

హోటళ్ళలో, చిన్న చిన్న వేదికల మీద పాడుతూ అప్పులు తీర్చింది. “ఈమె పనైపోయింది” అన్నవాళ్ళే ఎక్కువ. 1984లో ‘ప్రైవేట్ డాన్సర్’ ఆల్బమ్ వచ్చింది. ప్రపంచమంతా కలిపి కోటికి పైగా అమ్ముడైంది. అందులోని ‘వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్’ పాట మొదట ఆమెకు నచ్చనే లేదట! అదే అమెరికాలో నంబర్ వన్ అయింది. అప్పటికి ఆమె వయసు 44. మరుసటి ఏడు ఒక్క రాత్రిలో మూడు గ్రామీ బహుమతులు. 1988లో బ్రెజిల్‌లోని రియోలో ఆమె కచేరీకి సుమారు 1,80,000 మంది వచ్చారు.

1986లో తన కథంతా పుస్తకంగా చెప్పింది. కొట్టినవాడు పడాల్సిన సిగ్గు, దెబ్బలు తిన్నవాళ్ళు మోయక్కర్లేదని ఎందరో ఆడవాళ్ళకు ఆ పుస్తకంతోనే ధైర్యం వచ్చింది.

ఒక్క మాత్ర మానేస్తే...

ఈ సంగతి కూడా వినండి. టీనాకు బి.పి. ఉండేది. డాక్టర్లు రాసిన మాత్రలు మానేసి హోమియో వైద్యానికి వెళ్ళింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 2013లో పెళ్ళాడిన ఎర్విన్ బాక్, 2017లో తన కిడ్నీ ఒకటి ఆమెకిచ్చాడు. బి.పి. మందుల విషయంలో తనలా అశ్రద్ధ చేయవద్దని 2023 మార్చిలో ఆమే అందరికీ చెప్పింది. “తలనొప్పి లేదుగా, మాత్ర ఎందుకు?” అనుకునే మనందరికీ ఇది హెచ్చరికే.

అదే ఏడు మే 24న, 83 ఏళ్ళ వయసులో, స్విట్జర్లాండ్‌లోని తన ఇంట్లో కన్నుమూసింది.

మనమంతా పాటలు పాడి కోట్లు సంపాదించలేం. కానీ వంటలో, కుట్టుపనిలో, లెక్కల్లో, మనిషిని పలకరించడంలో... పదిమందీ “ఇది ఫలానా ఆవిడ పని” అని గుర్తుపట్టేది మన దగ్గరా ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. ఇంట్లో చెయ్యిచేసుకునేవాడితో బతుకుతున్న చెల్లెళ్ళకు మరో మాట: మన దేశంలో 2005లోనే గృహహింస చట్టం వచ్చింది. 181కి ఫోను చేస్తే మహిళలకు సాయం అందుతుంది. ఆ నంబరు ఏ డబ్బా మూత వెనకో రాసి పెట్టుకోండి. మీకు అవసరం పడకపోయినా, పక్కింటావిడకు పడొచ్చు.