ఒకే కంప్యూటరు – ఎవరి గది వారిది

ఇంట్లో కంప్యూటరు ఒక్కటే. అక్క, తమ్ముడు, నాన్నగారు దానినే వాడుకోవాలి. అక్క రాసుకున్న డైరీని తమ్ముడు చదవకుండా, తమ్ముడు గీసిన బొమ్మను అక్క మార్చకుండా కాపలా కాసేదెవరు? ఆ పని లినక్స్ ఎలా చేస్తుందో చూద్దాం.

ఒకప్పుడు కంప్యూటర్లు చాలా ఖరీదైనవి. మనిషికొకటి ఇవ్వడం అసాధ్యం. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు ఆరంభించిన యునిక్స్, ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునే వీలు కల్పించింది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ ఆ బాటలోనే నడిచింది.

పేరు కాదు, సంఖ్య

మీ తరగతిలో ఇద్దరు శ్రీనివాసులు ఉన్నా హాజరుపట్టీలో వారి నంబర్లు వేరు కదా! లినక్స్‌లోనూ అంతే. ప్రతి ఖాతాకూ ఒక సంఖ్య ఉంటుంది. ఉబుంటులో మామూలుగా మొదటి వ్యక్తికి 1000, తరువాతి వారికి 1001. ప్రతి ఫైలుకూ దాని యజమాని సంఖ్య జతచేసి ఉంటుంది. ఎవరైనా ఫైలు తెరవబోతే, లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ ఈ సంఖ్యలను పోల్చి చూస్తుంది.

మూడంకెల తాళం

చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఈ అనుమతులను కలిపి యజమానికి, అతని బృందానికి, ఇతరులకు వరుసగా ఒక్కో అంకె ఇస్తారు. 640 అంటే ఏమిటి? యజమాని చదవవచ్చు, రాయవచ్చు (4+2). బృందం చదవవచ్చు. ఇతరులకు ప్రవేశం లేదు. ఫోల్డరుకైతే 1 అంటే లోపలికి వెళ్ళే అనుమతి. కనుక మీ ఫోల్డరుకు 700 పెడితే అది మీ ఒక్కరి గది. కొన్ని లినక్స్ రకాల్లో ఈ గది తలుపు మొదట ఇతరులు చూడగలిగేలా తెరిచే ఉంటుంది. ఖాతాలు వేరైతే చాలదు, అంకెలూ సరిచూసుకోవాలి.

అన్ని తాళాలూ తెరిచేవాడు

సంఖ్య 0 గల ఖాతా పేరు 'రూట్'. ఈ మూడంకెల తాళం రూట్‌ను ఆపలేదు. రూట్‌గా ఇచ్చిన ఒక్క తప్పు ఆజ్ఞ ఇంటిల్లిపాది ఫైళ్ళనూ చెరిపేయగలదు. అదే తప్పు మామూలు ఖాతాలో జరిగితే నష్టం చాలావరకు మీ గదికే పరిమితం. అందుకే యంత్రం సొంతదారు కూడా రోజువారీ పనికి మామూలు ఖాతానే వాడాలి.

మరొక్క మాట. కెర్నెల్ మెలకువగా ఉన్నంతసేపే ఈ కాపలా. డిస్కును ఊడదీసి వేరే యంత్రానికి తగిలిస్తే అక్కడి రూట్ దానిని చదవగలడు. దానికి మందు, డిస్కులోని సమాచారాన్నే రహస్యలిపిలోకి మార్చి ఉంచడం.

ఇప్పుడు చెప్పండి: ఒక ఫైలుకు 764 అని ఉంటే ఎవరెవరు ఏమేమి చేయగలరు?