వార్తల్లో పదం: మైక్రోబయాలజీ

కంటికి కనిపించని జీవులను పరిశీలించే శాస్త్రమే మైక్రోబయాలజీ, తెలుగులో సూక్ష్మజీవశాస్త్రం. గ్రీకులో ‘మైక్రోస్’ అంటే చిన్నది, ‘బయోస్’ అంటే జీవం. బ్యాక్టీరియా, వైరస్‌లు, శిలీంధ్రాలు దీని పరిధిలోకి వస్తాయి.

ఆసుపత్రి ల్యాబులో ఈ పేరు కనిపిస్తే, రోగి నమూనాలో ఏ సూక్ష్మజీవి ఉందో, దానిపై ఏ మందు పనిచేస్తుందో తేల్చే విభాగమని అర్థం.

ఈ శాస్త్రం ల్యాబుకే పరిమితం కాదు. వనపర్తి జిల్లా ఆత్మకూరు వైపు చేలల్లో పల్లి మొక్కను పీకి చూడండి. వేర్లకున్న బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పోషకంగా మారుస్తుంది. బుడిపెను చిదిమితే లోపల ఎర్రగా ఉందా? అది చక్కగా పనిచేస్తున్నట్టే.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన అమెరికాలోని లెడర్లీ సంస్థ 1948లో లోకానికిచ్చిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కూ మూలం మట్టిలోని బ్యాక్టీరియానే. సూక్ష్మజీవులన్నీ శత్రువులు కావు. ఎన్నో మనకు అన్నం పెట్టే నేస్తాలు.