ట్రాక్టరునకు అదనపు దీపములు

ముదిగుబ్బ ప్రాంతమున రాత్రివేళ వేరుసెనగ కట్టె తోలు రైతులు ట్రాక్టరు ముందు రెండు దీపములు అదనముగా బిగించుకొనుచున్నారు. మంచిదే. కాని తీగ కాలి నిప్పంటినచో పశువుల వేసవి మేత బూడిద యగును.

55 వాట్ల దీపములు రెండు 12 వోల్టుల బ్యాటరీనుండి 9 ఆంపియర్లకు పైగా లాగును. పాత స్విచ్చి యంత భారమునకు తాళక కరగవచ్చును. కావున నడుమ రిలే యుంచవలెను. అప్పుడు దీపముల విద్యుత్తు స్విచ్చిని తాకక బ్యాటరీనుండి రిలే గుండా పోవును. 15 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరములోనే పెట్టవలెను. దీపముల యొద్ద పెట్టినచో, నడుమ తీగ ఇనుమున కొరసి తోలు పోయినపుడు అది కాపాడదు. మేము చూచిన బండ్లలో పెక్కింటికి ఫ్యూజే లేదు! తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గరాదు.

ఎల్.ఇ.డి. దీపములకు విద్యుత్తు తక్కువ చాలును. ఫ్యూజు మాత్రము మానరాదు. ఎత్తున బిగించిన దీపపు వెలుగు దుమ్ముపై బడి తోలువాని కన్నులకే తిరిగివచ్చును. తక్కువ యెత్తున బిగించుట మేలు. కదిరి రోడ్డెక్కగానే వాని నార్పవలెను.