పుస్తకం మూశాక మొదలయ్యే చదువు

ఇంగ్లండ్‌లో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్‌ఈ ఇంగ్లిష్ సాహిత్యం పరీక్షకు పుస్తకం తీసుకెళ్లనివ్వరు. ఏక్యూఏ బోర్డు ప్రశ్నపత్రంలో ‘మాక్‌బెత్’ నుంచి ఒక చిన్న భాగం అచ్చు వేస్తారు. మిగతా నాటకమంతా తలలోనే ఉండాలి. కవితల ప్రశ్నలోనూ అంతే. పదిహేను కవితల సంకలనం నుంచి ఒకటి ఎదురుగా పెట్టి, ఇంకోదానితో పోల్చమంటారు. ఆ రెండోది జ్ఞాపకం నుంచే రావాలి. అందుకే పరీక్షలు దగ్గరపడే కొద్దీ పిల్లలు అవే పేజీలు తిరగేస్తారు, హైలైటర్‌తో వరుసలకు వరుసలు రంగు పూస్తారు. ఆ కష్టంలో చాలా భాగం వృథా పోతోందనే నేను అంటాను. చూసి మళ్లీ చదివిన దానికంటే, చూడకుండా గుర్తు తెచ్చుకున్నదే ఎక్కువ కాలం నిలుస్తుంది.

2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఈ సంగతిని తేటగా చూపించారు. ఒక బృందం ఒక వ్యాసభాగాన్ని నాలుగు విడతలు చదివింది. మరో బృందం ఒక్క విడతే చదివి, తర్వాత మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతానికి 71. వారం గడిచాక లెక్క తలకిందులైంది: చదివినవాళ్లకు 40 శాతం మిగిలితే, రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది. అంతకంటే ఆలోచించవలసింది ఇంకొకటుంది. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది చదివినవాళ్లే. పేజీ పరిచితంగా కనిపిస్తే మనసు దాన్ని వచ్చేసిన పాఠంగా లెక్కవేసుకుంటుంది. పిల్లల్ని మోసం చేసేది ఈ పరిచయమే.

సాహిత్యమంటే సమాచారం కాదు, ఆలోచన కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. 2011లో కార్పికీ, జానెల్ బ్లంట్ దాన్నే పరీక్షించారు. భావనల పటాలు గీసినవాళ్ల కంటే చూడకుండా రాసినవాళ్లు, పాఠంలో నేరుగా లేని విషయాన్ని ఊహించి చెప్పే ప్రశ్నల్లోనూ మెరుగ్గా నిలిచారు. అవి సైన్సు పాఠాలన్నది నిజం. అయినా సాహిత్యానికి ఇది వర్తించదనడానికి నాకు కారణం కనిపించదు. తెల్లకాగితం ముందు పెట్టుకుని, ‘మాక్‌బెత్’లో నెత్తురు ఎక్కడెక్కడ వస్తుందో రాయాలనుకోండి. మొదటి అంకంలో గాయపడిన సైనికాధికారి, రెండో అంకంలో గాలిలో కత్తి, హత్య చేసిన చేతులు, మూడో అంకంలో బాంక్వో ప్రేతం, చివరి అంకంలో నిద్రలో నడుస్తూ చేతులు రుద్దుకునే లేడీ మాక్‌బెత్. కాసిన్ని నీళ్లతో కడిగేస్తే పోతుందని అంతకుముందు తేలిగ్గా చెప్పింది ఆవిడే. ఆ రెండు దృశ్యాలూ ఒకేసారి మనసులో ఉన్నప్పుడే ఆమె పతనం గురించి ఒక వాదన పుడుతుంది. పుస్తకంలో అవి ఎన్నో పేజీల దూరంలో ఉంటాయి.

తప్పుగా గుర్తొస్తే ఆ తప్పే పాతుకుపోదా అని ఉపాధ్యాయులు భయపడతారు. రాసిన వెంటనే పుస్తకంతో సరిచూసుకోవాలి, అది వదిలేయరానిది. పరీక్షల భయం మరింత పెరుగుతుందేమోనని తల్లిదండ్రుల బెంగ. మార్కులు లేకుండా, ఎవరికీ చూపకుండా, వారానికి కొన్నిసార్లు విడివిడిగా చేసే అభ్యాసం అసలు పరీక్షతో సమానం కాదు. అయితే దీనికి ఒక హద్దుంది: మొదటిసారి అర్థం కాని కవితను గుర్తు తెచ్చుకుంటే మాటలే వస్తాయి, భావం రాదు. దానికి తరగతిలో గొంతెత్తి చదివి, చర్చించే ఉపాధ్యాయుడే కావాలి.